తానులో మిగిలిన ముక్క

ఈసారి క్రిస్మస్‌కు నా కోడలు షైనీ ఇంటిల్లిపాదికీ ఒకే రకం బట్టలు తెప్పించింది. ఎర్రటి మెత్తటి గుడ్డ, రొమ్ము మీద కొమ్ముల దుప్పి, దాని ముక్కు దగ్గర నిజంగానే ఒక ఉన్ని బంతి కుట్టి ఉంది. నా కొడుక్కి, తనకు, రెండేళ్ళ మనవడు జోయికి, నాకు. డెబ్బై దగ్గర పడుతున్నదాన్ని, మాదన్నపేట కూరగాయల మార్కెట్టులో అందరూ టీచరమ్మా అని పిలిచేదాన్ని, దుప్పిని మోసుకుంటూ నిలబడమంటుంది. "ఫోటో వరకే అత్తమ్మా, తర్వాత మీ ఇష్టం" అన్నది. మామూలుగా అయితే నాలుగు మాటలని చివరికి వేసుకునేదాన్నే. కానీ ఆ మడతలు విప్పి మంచం మీద పెద్దదీ చిన్నదీ పక్కపక్కన పరిచేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. బట్టలు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఏం తప్పు చేసిందో తెలియక ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తన తప్పేమీ లేదు. నా కోపం మా అమ్మ మీద. ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. ఈ బట్టలు రావడానికి వారం ముందు మా ఇంటికి ఒక మనిషి వచ్చి పోయాడు. అతను రాకపోయి ఉంటే మా అమ్మ మంచిదనే నమ్మకంతోనే నేనూ పోయేదాన్ని.

అతని సంగతి చెప్పేముందు షైనీకీ నాకూ ఉన్న పాత తగవు ఒకటి చెప్పాలి. పొద్దున ఆఫీసుకు బయలుదేరేటప్పుడు షైనీ జోయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మ ఆఫీసుకు పోతుంది నాన్నా, సాయంత్రం వస్తుంది" అని చెప్పి మరీ వెళ్తుంది. వాడు గుమ్మం దాకా వెంటపడి ఏడుస్తాడు. ఆ ఏడుపు ఆపడం నా వంతు. ఎన్నిసార్లు చెప్పానో, వాణ్ణి వంటింట్లో ఏదో ఆటలో పెట్టి చప్పుడు చెయ్యకుండా జారుకోవచ్చు కదా అని. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళంతా అట్లాగే చేసేవాళ్ళు. పసిపిల్లను వదిలి ఊరికి పోవాలంటే బిస్కెట్టు చేతిలో పెట్టి పెరటి దారిన పోయేవాళ్ళు, నిద్రపోయాక పోయేవాళ్ళు, కాకిని చూపించి పోయేవాళ్ళు. పిల్లలకు చెప్పి పోవడమనేది నేను షైనీ దగ్గరే చూశాను. "ఎందుకు ఉత్తపుణ్యానికి ఏడిపిస్తవ్" అంటే, "ఏడవనీయండి అత్తమ్మా, పోతున్నానని వాడికి తెలియాలి కదా" అంటుంది. నేటి పిల్లల పుస్తకాల చదువు అని నవ్వుకునేదాన్ని.

మేము పెరిగింది జహనుమాలో. బాపు ఫలక్‌నుమా స్టేషన్లో గూడ్సు షెడ్డులో పని చేసేవాడు. మా గల్లీలో క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే. ఒక పక్క యాదమ్మ వాళ్ళ బర్రెల కొట్టం, గల్లీ మొదట్లో సమద్ భాయ్ బేకరీ. డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో మైదా జిగురు ఉడికే వాసనతో పండుగ మొదలయ్యేది. బాపు వెదురు బద్దలు చీల్చి క్రిస్మస్ చుక్క కట్టేవాడు. పతంగుల కాగితం దానికి అంటించడం అన్నలదీ నాదీ పని. తర్వాత కిరోసిన్ స్టవ్వు మీద నూనె కాగేది. అమ్మ గులాబీ పువ్వుల అచ్చును పిండిలో ముంచి నూనెలో ఆడిస్తుంటే, రాలిపడిన రేకులు ఏరుకుని తినడానికి మేము చుట్టూ కూర్చునేవాళ్ళం. కేకు పిండి కలిపి, నేతి డబ్బాలు కోసి చేసిన రేకు పెట్టెల్లో పోసి, తల మీద పెట్టుకుని సమద్ భాయ్ భట్టీకి మోసుకుపోవడం మా పనే. రొట్టెలు దించాక ఆ వేడి మీద మా కేకులు కాల్చి ఇచ్చేవాడు. ఏలకుల వాసన, నారింజ తొక్కల వాసన, పక్క కొట్టం నుంచి తడి గడ్డి వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది. ఇప్పుడు కేకు డబ్బాలో ఇంటికే వస్తుంది. తినడానికి బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

బాల యేసు తొట్టికి గడ్డి యాదమ్మే ఇచ్చేది. మట్టి ఎద్దు ఏదో ఏడాది విరిగిపోతే, ఆమె తన పిల్లలు ఆడుకునే మట్టి బర్రెను తెచ్చి అక్కడ పెట్టింది. బాపు తటపటాయిస్తుంటే, "ఎద్దు పాలిస్తదా అన్నా? పసిగుడ్డు ఉన్న కాడ బర్రె ఉండాలె" అన్నది. ఆ తర్వాత మా పశువుల పాకలో ఎప్పుడూ బర్రే ఉండేది. పండుగ పొద్దున చర్చి నుంచి రాగానే ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు బాల యేసు బొమ్మను తెచ్చి తొట్టిలో పడుకోబెట్టాలి. అప్పటిదాకా తొట్టి ఖాళీగా ఉండేది. ఆ మర్యాద చాలా ఏళ్ళు నాదే, చంటి వచ్చేదాకా.

ఇక బట్టలు. బాపు మదీనా దగ్గర హోల్‌సేల్ దుకాణంలో ఒకే తాను కొని భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ తానులోనే బాపు అంగీ, అన్నల అంగీలు, నా గౌను, అమ్మ రవిక. కుట్టడమంతా అమ్మే, తొక్కుడు మిషను మీద. పండుగ నాడు మేము వరసగా చర్చికి నడుస్తుంటే, "బ్యాండు పార్టీ వచ్చింది" అని గల్లీలో పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు సిగ్గుగా ఉండేది కానీ లోపల్లోపల గర్వంగానూ ఉండేది. ఎవరు ఎవరి మనుషులో దూరం నుంచి చూసినా తెలిసేది. జాతరలో తప్పిపోయినా గుడ్డను బట్టి మన ఇంటికి తెచ్చి అప్పజెప్తారు అనేవాడు బాపు.

చంటి మా చిన్నమ్మ కొడుకు. మా అమ్మకు ఒక్కతే చెల్లెలు, కాన్పులో పోయింది. చిన్నాయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. నెత్తురు గుడ్డును తువ్వాలలో చుట్టి తెచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పేరు ప్రభుదాస్ అని పెట్టారు కానీ ఆ పేరుతో వాణ్ణి పాస్టరుగారు తప్ప ఎవరూ పిలవలేదు. అమ్మకు ఇంటెడు చాకిరీ. అన్నలు మగపిల్లలని వాళ్ళను ఎవరూ అడగరు. అట్లా వాడు నా చంకకు అతుక్కుపోయాడు. యాదమ్మ ఇచ్చే పాలు కాచి, చల్లార్చి, గిన్నె చెంచాలతో నేనే పట్టేదాన్ని. నిద్రపోవాలంటే నా భుజం మీదనే పోవాలి, చేతిలో నా జడ కొస ఉండాలి. రిబ్బను నోట్లో పెట్టుకుని చీకేవాడు. మాటలు వచ్చాక అక్కా అని కాక నన్ను "జడ" అని పిలిచేవాడు. బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని, "జడ వచ్చె, జడ వచ్చె" అని చప్పట్లు కొట్టేవాడు. తర్వాత నా కడుపున ముగ్గురు పుట్టారు. వాళ్ళకంటే ముందు తల్లి కావడమంటే ఏమిటో నాకు నేర్పింది వాడు.

వాడి నడక గట్టిపడ్డ ఏడు బాపు తెచ్చిన తాను నీలం మీద తెల్ల చుక్కలది. అమ్మ అందరి కొలతలూ తీసింది. చంటిని తీసుకుపోయి నిలబెడితే, "వానికి వద్దులే. వానికి మఖ్మల్ అంగీ తెచ్చిన" అన్నది. పెట్టెలోంచి ఎర్ర మఖ్మల్ సూటు తీసి చూపించింది. బంగారు గుండీలు, జేబు మీద ఓడ బొమ్మ. మాకెవరికీ అంతటి బట్ట ఎప్పుడూ లేదు. చంటి అందంగా ఉంటాడని మురిసిపోయాను. అయినా ఒక మాట అడిగాను, వాడొక్కడే వేరే గుడ్డ అయితే బాగుండదు కదా, కొంచెం చుక్కల గుడ్డతో చిన్న అంగీ కుట్టమని. "గుడ్డ చాలదు బిడ్డా" అన్నది అమ్మ. మిషను దగ్గర మూరెడు గుడ్డ పడే ఉంది. నేను చూశాను కూడా. కానీ అమ్మ చాలదంటే చాలదు, అంతే.

చిన్నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఎవరి నోటనో విన్నాను. ఆ రోజు అమ్మ గులాబీ పువ్వులు వేస్తున్నది. పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మా, చిన్నాయన వచ్చి చంటిని తీస్కపోతడా?"

అమ్మ నూనెలోంచి చూపు తిప్పలేదు. "ఏడికి తీస్కపోతడే? వాడు నా కొడుకు. నీ తమ్ముడు. గిట్లాంటి మాటలు పండుగ పూట మాట్లాడొద్దు."

నాకు అంతకంటే ఏం కావాలి. రాలిన రేకులు దోసిట్లో వేసుకుని చంటిని వెతుక్కుంటూ పోయాను. ఆ మాటకు నేను ఎంత తేలికపడ్డానో నాకు బాగా గుర్తు. అందుకే అది ఇప్పటికీ పోట్లు పొడుస్తుంది.

పండుగ పొద్దున చర్చి నుంచి రాగానే చంటి బొమ్మను తొట్టిలో పెట్టాడు. వెంటనే తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. బర్రెకు గడ్డి తినిపించాడు. అందరం నవ్వుతుండగా చిన్నాయన వచ్చాడు, వెనకే పట్టుచీరలో ఆయన కొత్త భార్య. ఆమెను చిన్నమ్మా అని పిలవమన్నారు. నాకు నోరు రాలేదు. ఆమె చేతులు చాపితే చంటి నా గౌను వెనక దాక్కున్నాడు. ఆమె వాడి సూటు సర్ది, "సరిగ్గ కుదిరింది" అన్నది. ఆ మాట నా చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. భోజనాలయ్యాయి. వాడింకా ఆడుతూనే ఉన్నాడు.

"చంటిని నిద్రపుచ్చు బిడ్డా" అన్నది అమ్మ.

"ఇంక ఆడుకుంటుండు గదమ్మా."

"పొద్దుగాల్నే లేచిండు. నీ భుజమ్మీదైతెనే పండుతడు, జర పుచ్చు."

ఎత్తుకుని పెరట్లో అటూ ఇటూ తిరిగాను. మఖ్మల్ నా మెడకు వెచ్చగా తగులుతున్నది. జడ కొస పట్టుకుని చాలా తొందరగానే నిద్రపోయాడు. అమ్మ వచ్చి, "ఇటియ్యి, నేను పండవెడ్త. నువ్వు పల్లేలు ఇచ్చిరా పో" అన్నది. జడ మీద నుంచి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకున్నది.

పళ్ళేలు పంచడం ప్రతి ఏడూ ఉండేదే. గులాబీ పువ్వులు, గరిజెలు, కేకు ముక్క పెట్టి, మీద అల్లిక గుడ్డ కప్పి ఇంటింటికీ ఇచ్చి రావాలి. కానీ ఎప్పుడూ భోజనాలకు ముందే పోయేవి. ఆ రోజు ఆలస్యమెందుకైందో నేను అడగలేదు. సమద్ భాయ్ పళ్ళెం తీసుకుని వెంటనే ఇచ్చేవాడు కాస్తా, "బైఠో బేటీ, బైఠో" అని కూర్చోబెట్టి వేడి బిస్కెట్లు తినిపించాడు. అక్కణ్ణుంచి యాదమ్మ ఇంటికి పోతే ఆమె ఛాయ్ పెట్టింది. పిల్లలకు ఛాయ్ ఇచ్చే అలవాటు ఆ ఇంట్లో లేదు. పెద్దదాన్నయిపోయానని సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాను. పోతానంటే, "జర ఆగు బిడ్డా, దూడను చూసి పో. బర్రె నిన్ననే ఈనింది" అన్నది. కొట్టంలోకి తీసుకుపోయి దూడను పట్టుకోనిచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొగ" అన్నది. పొయ్యి మీద అప్పుడు ఏమీ లేదు. ఖాళీ పళ్ళెంలో చక్కెర పోసి ఇస్తూ నా మొహం వైపు చూడలేదు.

దూడను చంటికి చూపించాలని నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. చీర ఊయల ఖాళీగా ఉంది. మంచం మీద లేడు. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతున్నది, నాకు వీపు పెట్టి.

"అమ్మా, చంటి ఏడి?"

"వాళ్ళ నాయన తీస్కపోయిండు."

"ఎప్పుడు తెస్తడు?"

గిన్నె మీద బూడిద రుద్దుతూనే ఉంది. గల్లీ చివరి దాకా పరుగెత్తాను. రిక్షా ఎప్పుడో పోయింది. బేకరీ అరుగు మీద సమద్ భాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, గల్లీకంతా తెలుసునని. పళ్ళేలు పట్టించి నన్ను ఇంటింటికీ తిప్పింది అందుకేనని, ఆ ఛాయ్, ఆ దూడ అన్నీ నన్ను ఆపడానికేనని. బాపు వచ్చి నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. అంత పెద్దదాన్ని ఎత్తుకోవడం అదే మొదలు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఒక్క మాటన్నా అని ఉంటే బాగుండేదని ఈ వయసులో కూడా అనుకుంటాను.

అమ్మ తర్వాత చెప్పింది ఏమిటంటే, చిన్నాయన ఉన్నట్టుండి అడిగాడట, తండ్రి అడిగితే ఏమంటామని. నేను పిల్లనే కానీ మొద్దును కాదు. మఖ్మల్ సూటు ముందే వాళ్ళు పంపిందేనని అప్పటికి తెలిసిపోయింది. తాను కత్తిరించిన నాడే అమ్మకు తెలుసు. గులాబీ పువ్వులు వేస్తూ నాకు మాటిచ్చిన నాడు కూడా తెలుసు. వాణ్ణి చూడడానికి పోదామని ఏడ్చినప్పుడల్లా, "వాళ్ళు రానీయరు బిడ్డా" అనేది. కొన్నాళ్ళకు మాట మారింది. "వాడు మనల్ని మరిచిపోయిండు. నువ్వు కూడ మరువు" అన్నది. మరిచిపోవడం కుదరలేదు కానీ అడగడం మానేశాను. ఆ తర్వాతి క్రిస్మస్‌కు బొమ్మను మళ్ళీ నన్నే పెట్టమన్నారు. నేను పెట్టలేదు. అన్న పెట్టాడు.

అయినా అమ్మను క్షమించాను. ఇది నిజం. చెల్లెలి బిడ్డను కన్నతండ్రికి ఇచ్చి, గుండె రాయి చేసుకుని, నన్ను చూసి బాధ మింగిందని అనుకున్నాను. ఇద్దరం ఒకే దెబ్బ తిన్నామని అనుకున్నాను. చివరి రోజుల్లో మంచాన పడితే నేనే తెచ్చుకుని చూసుకున్నాను. తల దువ్వుతూ ఒకసారి చంటి పేరు ఎత్తాను. గోడ వైపు తిరిగింది. దుఃఖమనుకున్నాను.

మరొకటి చెప్పాలి. చంటి పోయాక కూడా పండుగకు గుడ్డ తాను వచ్చేది, అమ్మ అందరికీ బట్టలు కుట్టేది, కొంత ముక్క మిగిలేది. మునుపైతే దానితో దిండు గలీబులు కుట్టేది అమ్మ. ఇప్పుడు ఆ ముక్క కనిపించేది కాదు. ఏమైందంటే, "చర్చిల బీద పిల్లగానికి ఇచ్చిన" అనేది. నాకు ఆ బీద పిల్లవాణ్ణి చూడాలని ఉండేది. ఆదివారాలు చాప మీద కూర్చుని, ప్రార్థనలో కళ్ళు తెరిచి, మా గుడ్డ వేసుకున్నవాళ్ళ కోసం వెతికేదాన్ని. వాడితో సావాసం చేద్దామని, వాడికి నా కేకు ముక్క ఇద్దామని ఉండేది. ఎప్పుడూ కనపడలేదు. ప్రతి ఏడూ క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య అమ్మ స్త్రీల కూటాలకని ఒక రోజు పోయి వచ్చేది. పుణ్యాత్మురాలని చర్చిలో అందరూ అనేవాళ్ళు.

మొన్న డిసెంబరు మొదట్లో, మధ్యాహ్నం పూట తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. బట్టతల, తెల్ల మీసాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. జహనుమాకు పోయి యాదమ్మ కొడుకు పాల బూతులో అడిగి మా చిరునామా పట్టుకున్నాడట. నేను ఎవరు కావాలన్నాను. అతను నా తెల్లబడ్డ జడ వైపు చూశాడు.

"అక్కా, నేను చంటిని" అన్నాడు.

కూర్చోబెట్టాను. నీళ్ళిచ్చాను. తనూ రైల్వేలోనే చేరాడట, నాగపూర్ దిక్కు ఇన్నేళ్ళూ పని చేసి, రిటైరయ్యే ముందు సికింద్రాబాదుకు బదిలీ చేయించుకున్నాడట. చివరికి, "ఇంక కోపమున్నదా అక్కా నా మీద?" అన్నాడు.

"కోపమేంది? నీ మీద నాకెందుకు కోపం?"

"చెప్పకుండ పోయిన్నని. పెద్దమ్మ అంటుండె గద. అక్క ఎందుకు రాలేదని నేను ఏటా అడుగుతుంటి. 'నువ్వు చెప్పకుండ పోయినవని దానికి మస్తు కోపం, రాను అన్నది' అని చెప్పేది."

ఏటా అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. "ఏటా ఏంది?"

అతను నా మొహం చూసి తడబడ్డాడు. "పెద్దమ్మ వచ్చేది గదక్కా. క్రిస్మస్ అయినంక. అంగీ కుట్టుకొని తెచ్చేది. నాకు మీసాలొచ్చేదాంక వచ్చింది. నీకు తెల్వదా?"

కవరులోంచి ఫోటోలు తీశాడు. కాజీపేట స్టూడియోలో తీసినవి, పసుపురంగుకు తిరిగాయి. ఒకదానిలో నాలుగైదేళ్ళ పిల్లవాడు కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, గళ్ళ అంగీ. ఆ గళ్ళు నాకు తెలుసు. ఆ ఏడు నా గౌను అదే. ఇంకోదానిలో ఆకుల గుడ్డ. ఇంకోదానిలో మామిడి పిందెల బుటా గుడ్డ, గంజి పెట్టినట్టు గరుకుగా ఉండేది. నేను దాన్ని వేసుకోనని ఏడ్చాను. ఫోటోలో రంగు లేదు కానీ నేను దాని రంగు చెప్పగలను. "మట్టి రంగుది. మెడ కాడ గీరేది" అన్నాను. "అవునక్కా, దద్దుర్లొచ్చినయి" అన్నాడు చంటి. ఇద్దరం అదే చోట మెడ తడుముకున్నాం. నేను చర్చిలో కళ్ళు తెరిచి వెతికిన బీద పిల్లవాడు నా ముందు కూర్చుని ఉన్నాడు.

తర్వాత అంతా తనే చెప్పాడు. సవతి తల్లి షరతు పెట్టిందట, ఆ పిల్ల మాత్రం ఈ గుమ్మం తొక్కొద్దు, దాన్ని చూస్తే వీడు మళ్ళీ ఏడుపు మొదలుపెడతాడని. పెద్దమ్మ ఒప్పుకుంటేనే రానిచ్చిందట. సరే. ఆమె భయం ఆమెది. మా అమ్మకు ఇద్దరం పోకపోవడమా, ఒక్కతే పోవడమా అన్నది ప్రశ్న అయి ఉంటుంది. అది కూడా నేను అర్థం చేసుకోగలను. కానీ నాకు అబద్ధం చెప్పమని ఏ షరతు అడిగింది? బాగున్నాడే, నీ గౌను గుడ్డతోనే అంగీ కుట్టిచ్చాను, మెడ దగ్గర గీరుతున్నదంటున్నాడు, అని ఒక్క మాట నా చెవిలో వేసి ఉంటే నేను బతుకంతా దాన్ని దాచుకునేదాన్ని. వాడితో చెప్పిన అబద్ధం ఇంకా ఘోరం. నిద్రలో ఎత్తుకుపోయిన పసివాడితో, నువ్వే చెప్పకుండా పోయావన్నది. మా ఇద్దరికీ ఒకే తానులో బట్టలు కుట్టి, మా ఇద్దరినీ ఒకరికొకరు కానివాళ్ళుగా పెంచింది. వాణ్ణి చూసే సంతోషం తను ఉంచుకుని, నాకు బీద పిల్లవాడి కథ ఇచ్చింది. దుఃఖంలో తోడున్నదనుకున్న మనిషి అసలు ఆ దుఃఖంలోనే లేదు. బాపుకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అతను పోయే ముందు నేను ఒకటి అడిగాను. "ఆ రోజు నిద్ర లేచినంక ఏడ్చినవా?"

"మా నాయన చెప్పేటోడు. రైలంత ఒకటే లొల్లి అంట. జడ, జడ అని ఏడ్చిన్నంట. ఏమడుగుతున్ననో వాళ్ళకు తెల్వలే."

క్రిస్మస్ దగ్గర పడేసరికి నా ఒళ్ళు కొంచెం చల్లారింది, లోపల మాత్రం కాదు. షైనీతో, "ఆ దుప్పి బట్టలు ఇంకా దొరుకుతాయా? పెద్ద పొట్టకు సరిపోయేది ఒకటి, చిన్నపిల్లకు ఒకటి తెప్పించు" అన్నాను. ఆ పిల్ల వెంటనే తెప్పించింది. పండుగ నాడు చంటి తన కూతురినీ, అల్లుణ్ణీ, జోయి ఈడు మనవరాలు మిన్నినీ తీసుకుని భోజనానికి వచ్చాడు. అతని కూతురూ అల్లుడూ తప్ప అంతా ఎర్రగా, రొమ్ముల మీద కొమ్ములతో నిలబడ్డాం. బొమ్మను జోయి, మిన్ని ఇద్దరూ పట్టుకుని లాగి చివరికి తొట్టి పక్కన పడేశారు. నవ్వాం. నేను కూడా నవ్వాను. కానీ అమ్మ ఫోటోకు ఎప్పుడూ వేసే బంతిపూల దండ ఈ ఏడు వెయ్యలేదు.

మిన్ని కొత్తవాళ్ళ దగ్గరికి పోని పిల్లట. భోజనాలయ్యాక ఏమనుకుందో నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. ఎత్తుకుని తిప్పాను. వేలు నోట్లో పెట్టుకుని నా భుజం మీద నిద్రపోయింది. మెత్తటి గుడ్డ మెడకు వెచ్చగా తగిలింది. కాసేపటికి కింద ఆటో వచ్చింది. చంటి చేతులు చాపాడు.

"ఇటియ్యి అక్కా, నిద్రలనే ఎత్తుకపోత. లేస్తె లొల్లి చేస్తది."

నేను ఇవ్వలేదు. "లేపు" అన్నాను.

"ఎందుకక్కా, పండనీ..."

"నా భుజమ్మీది నుంచి నిద్రపోయిన పిల్లను తియ్యనీయ. లేపి, చెప్పి తీస్కపో."

అతను చేతులు దించేశాడు. షైనీ గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నది. నేను మిన్ని వీపు తట్టాను. కళ్ళు తెరిచి బిత్తరపోయి చూసింది. "మిన్నీ, తాత నిన్ను ఇంటికి తీస్కపోతుండు. నువ్వు పోతున్నవ్. నేను ఇక్కడనే ఉంట. మళ్ళ రా" అన్నాను. సగం అర్థమైంది, సగం కాలేదు. చంటి చేతుల్లోకి మారగానే పెదవి విరిచి, నా వైపు చేతులు చాపి గుక్కపట్టి ఏడ్చింది. మెట్లు దిగుతుంటే ఏడ్చింది. ఆటోలో కూర్చోబెడుతుంటే ఏడ్చింది. కింద కూరగాయల బండివాళ్ళు తలలెత్తి చూశారు. చంటి కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆ గొంతు వినపడుతూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను.